కుళాయి కింద పోయిన ఎరుపు

ఇలా దగ్గరికి జరుగు తల్లీ. ఆ పీట లాక్కుని నా మోకాలికి ఆనుకుని కూర్చో. గట్టిగా చెప్పే సంగతి కాదిది. మీ అమ్మకి ఎన్నడూ చెప్పలేదు. మీ తాతకి సగం చెప్పాను, మిగతా సగం ఆయన అడగలేదు. నీకు మొత్తం చెబుతాను. మధ్యలో లేచి వెళ్ళిపోకు, మళ్ళీ మొదలుపెట్టే ధైర్యం నాకు ఉండదు.

మా నాన్నది పెడన. అక్కడ అద్దకాల షెడ్డులో గుడ్డలు కడిగేవాడు. కడగడమంటే మురికి వదలగొట్టడం కాదు. కరక్కాయ నీళ్ళలో నానబెట్టి ఆరేసిన గుడ్డ మీద చెక్క అచ్చులతో పటిక అద్దుతారు. రంగుని పట్టుకునేది ఆ పటికే. అద్దిన గుడ్డని పారే కాలువలో పట్టి, మిగులు పటికంతా పోయేదాకా కడగాలి. తరవాత రాగి కాగులో ఎర్ర రంగు వేసి ఉడకబెడితే, పటిక పడ్డ చోటల్లా ఎరుపు నిలుస్తుంది. మళ్ళీ కాలువ, మళ్ళీ కడగడం. ఎనిమిదో ఏట నుంచి నాన్న పక్కన మొలలోతు నీళ్ళలో నిలబడ్డాను. గుడ్డలోంచి ఎరుపు జాలుగా దిగి పోతుంటే మొదట్లో నాకు ఏడుపొచ్చేది.

"నాన్నా, రంగంతా పోతోంది!"

"పోయేది గుడ్డది కాదే పిచ్చిమొహమా. గుడ్డది గుడ్డ దగ్గరే ఉంటది. నీళ్ళు తేటగా వచ్చిందాకా ఆపమాక."

బడిలో మూడో తరగతి దాటలేదు గాని, ఈ పని మాత్రం చేతికి బాగా అబ్బింది. నేను కడిగిన గుడ్డ అని షెడ్డులో విడిగా చెప్పుకునేవారు.

పెళ్ళయ్యాక బందరు వచ్చాను. మీ తాత గుడివాడలో రైసుమిల్లులో పనిచేస్తూ శనివారం సాయంత్రం బస్సుకి వచ్చి సోమవారం పొద్దున్నే వెళ్ళిపోయేవారు. వారమంతా ఒక్కదాన్నే గోడలు చూస్తూ ఉండలేక, పాస్టరు గారు చెబితే ఒక మిషను ఆసుపత్రిలో పనికి కుదిరాను. అక్కడ లేబొరేటరీ అని ఒక గది. సీసాలు కడగడం, నేల తుడవడం నా పని. యాభైతొమ్మిదో సంవత్సరం అది.

ఆ గదికి పెద్ద నతానియేలు గారు. సన్నగా, పొడుగ్గా ఉండేవారు, చొక్కా నిండా నీలం మరకలు. ఆపరేషనులో తీసిన ముక్కని ఆయన స్పిరిట్లో నానబెట్టి, మైనంలో బిగించి, ఒక మిషను మీద ఉల్లిపొర కన్నా పల్చగా కోసేవారు. ఆ పొరని గోరువెచ్చటి నీళ్ళ మీద తేలవేసి, కోడిగుడ్డు తెల్లసొన పూసిన గాజు స్లైడు మీదకి ఎత్తేవారు. తెల్లసొన ఉంటేనే పొర జారిపోకుండా అంటుకుంటుంది. నాకేం తెలుసు? మొదటిరోజు ఆయన గుడ్డు తెమ్మంటే ఆకలేస్తోందేమో అనుకుని ఉడకబెట్టి, ఒలిచి, పళ్ళెంలో పెట్టి తెచ్చాను.

"ఏవమ్మాయ్, స్లైడుకి పూయడానికి గుడ్డడిగితే ఉప్పూ మిరియప్పొడీ కూడా తెచ్చావే!" అన్నారు. నవ్వుతూనే తినేశారు. మరో గుడ్డు తెచ్చి పూయవలసి వచ్చింది.

అతికించిన పొరకి ఏ రంగూ ఉండదు. మైక్రోస్కోపులో పెట్టినా ఏమీ కనపడదు. అందుకని రంగు వేస్తారు. ముదురు వంగపండు రంగులో ఉండే సీసా ఒకటి ఉండేది. అందులో ఏముందండీ అని అడిగాను ఒకరోజు.

"ఏదో పరాయిదేశపు చెట్టు చెక్కలోంచి తీసిన రంగు. దాంట్లో పటిక కలుపుతాం."

"పటికా! పటికెందుకండీ?"

"రంగు పట్టుకోడానికి."

"ఓసోస్, మా పెడన పనేనా ఇది! ఇంగ్లీషు విద్యనుకుని ఇన్నాళ్ళూ దూరంగా నిలబడ్డాను."

ఆయన ఆ రోజే నాకు స్లైడు కడగడం అప్పగించారు. ఆ రంగు వేసిన స్లైడుని కుళాయి కింద సన్నటి ధారలో పట్టాలి. ఎర్రెర్రగా ఉన్నది కాస్తా చూస్తుండగానే నీలమవుతుంది. ఎంతసేపు కడిగితే అంత బాగా తేలుతుంది. నా స్లైడ్లు చూసి సువర్ణ డాక్టరమ్మ గారు ఎంతో మెచ్చుకునేవారు. ముప్పై దాటని మనిషి, పై చదువు చదివొచ్చి ఆసుపత్రిలో ముక్కల పరీక్షలన్నీ ఆవిడే చూసేవారు. కాన్పులూ ఆవిడే చూడాలి.

"రాజమ్మా, నీ చేతిలో ఏదో ఉందమ్మా. నతానియేలు గారివి కూడా ఇంత తేటగా రావు" అని నన్ను కూర్చోబెట్టి మైక్రోస్కోపులో చూపించారు. చాప మీద నేరేడుపళ్ళు పరిచినట్టు నీలం చుక్కలు. ఒక్కొక్క చుక్కా ఒక్కొక్క కణంలో ఉండే గింజ అన్నారు. ఆ గింజలో న్యూక్లియిక్ యాసిడ్ అని ఒకటుంటుందట, నీలం పట్టుకునేది దాన్నేనట. మనిషి ఒళ్ళంతా అద్దకమే అనిపించింది నాకు.

ఇంక మా బావ సంగతి. మా అక్క సౌభాగ్యమ్మని దివిసీమలో ఇచ్చారు, నాగాయలంక దగ్గర. బావ పేరు దైవాధీనం. తాటాకు ఇళ్ళు కప్పడంలో ఆ చుట్టుపక్కల ఆయన్ని మించినవాడు లేడు. ఇంటి నడికొప్పున కూర్చుని, కింద వెళ్ళే ప్రతివాళ్ళనీ ఏదో ఒకటి అని నవ్వించేవాడు. ఆదివారం ప్రార్థనలో మాత్రం ఆయన గొంతెత్తితే పిల్లలు కూడా ఏడుపు ఆపేవారు.

అరవైరెండు శ్రావణంలో అక్క ఆయన్ని లాక్కొచ్చింది. పులిగడ్డ మీదుగా బస్సులో, చంకలో ఏడాది పిల్లతో. బావ మెడమీద, చెవి కింద, నిమ్మకాయంత బిళ్ళ.

"ఏం మరదలుపిల్లా, ఇన్నేళ్ళలో మీ అక్క మెళ్ళోకి ఒక్క బిళ్ళ చేయించలేకపోయాగానీ, నాకు మాత్రం చేయించుకున్నా చూడు."

"అది ఇక్కడ వదిలేసి పోదువుగానిలే బావా. అక్కకి వేరేది చేయించు."

"మీ సరసాలు సంతకెళ్ళా!" అంది అక్క. "ఒసే రాజీ, మూణ్ణెల్ల నుంచి పెరుగుతుంటే నిచ్చెన దిగలేదే ఈ మనిషి. వర్షాలొస్తున్నాయి, వాళ్ళ కొప్పు కారుతోంది, వీళ్ళ కొప్పు కారుతోంది అని."

ఆ బిళ్ళలోంచి చింతగింజంత ముక్క తీశారు. నతానియేలు గారు కోశారు, నేను కడిగాను, ఎప్పటిలాగే నీలం తేలింది. డాక్టరమ్మ గారు ఆ స్లైడు ముందు చాలాసేపు కూర్చున్నారు. తరవాత నన్ను పిలిచారు.

"రాజమ్మా, ఇది గండమాలో రాచపుండో, అంటే గ్రంథుల క్షయో క్యాన్సరో, నాకు తేలడం లేదు. గండమాలైతే సూదిమందులున్నాయి, నెలల తరబడి వాడాలి గానీ మనిషి లేచి తిరుగుతాడు. రెండోదైతే వెంటనే మద్రాసు పంపి కరెంటు, అదే ఎక్స్‌రే కిరణాలు, పెట్టించాలి. ఒక్క వారం కూడా పోగొట్టుకోకూడదు."

తేల్చడానికి ఆవిడ దగ్గర ఇంకో రంగుంది. చదువుకున్న చోటు నుంచి తెచ్చుకున్న చిన్న సీసా, రెండు రంగులు కలిపినది. గింజలో ఉన్న యాసిడ్‌కి ఆకుపచ్చ పడుతుందట. గింజ చుట్టూ మరో రకం న్యూక్లియిక్ యాసిడ్ ఉంటుంది, దానికి ఎరుపు పడుతుందట. ఆగకుండా, అదుపు లేకుండా పెరిగే కణాల్లో ఆ రెండోది నిండుగా ఉంటుంది. "ఎరుపు ఎక్కువ కనపడిందా, మద్రాసే" అన్నారు.

ఆ మర్నాడు నతానియేలు గారు తమ్ముడి పెళ్ళికి నందివాడ వెళ్ళారు. వెళ్ళేముందు రెండు స్లైడ్ల మీద పొరలు సిద్ధం చేసి పెట్టారు. డాక్టరమ్మ గారే స్వయంగా రంగు వేశారు. ఇంతలో కాన్పుల వార్డు నుంచి నర్సు పరుగెత్తుకొచ్చింది, నిండు గర్భిణికి మూర్ఛలొస్తున్నాయని.

ఆవిడ తలుపు దగ్గర ఆగి చెప్పారు. "అరగంట ఉంచు. తరవాత డిస్టిల్డు వాటర్లో ఒక్క ముంచు ముంచి, కాగితంతో అద్దేసి, ఈ స్పిరిట్ సీసాలో వెయ్యి. అర్థమైందిగా?"

"అర్థమైందండీ."

అర్థమైంది. ఆ మాటే నన్ను ఇప్పటికీ తింటుంది.

అరగంట చూసి తీశాను. ఒక్క ముంచు ముంచాను. స్లైడు మీద నుంచి ఎరుపు ఇంకా కారుతూనే ఉంది, గిన్నెలో నీళ్ళన్నీ గులాబిరంగు అయిపోయాయి. ఇదేం కడగడం అనుకున్నాను. ఇంత మిగులు రంగు వదిలేసి అద్దేస్తే, లేని ఎరుపు ఉన్నట్టు కనపడదా? నా బావని ఊరికే రాచపుండు అనేయరా? ఆవిడ తొందరలో ఉండి ఒక్క ముంచు అన్నారు గాని, తీరికుంటే బాగా కడగమనే అనేవారు అనుకున్నాను. ఉండాల్సింది ఎలాగూ ఉండిపోతుంది, పోయేదంతా పై రంగే. ఆ రెండు స్లైడ్లనీ కుళాయి దగ్గరికి తీసుకెళ్ళాను. సన్నటి ధార పెట్టి, ఎన్నడూ కడగనంత శ్రద్ధగా కడిగాను తల్లీ. ప్రార్థన చేసుకుంటూ కడిగాను. నీళ్ళు తేటగా వచ్చేదాకా ఆపలేదు.

డాక్టరమ్మ గారు తిరిగొచ్చేసరికి సాయంత్రమైంది. ఆ గర్భిణి బతికింది, బిడ్డ దక్కలేదు. చెమట కూడా తుడుచుకోకుండా మైక్రోస్కోపు దగ్గర కూర్చున్నారు. నేను గోడకి ఆనుకుని నిలబడ్డాను.

"ఎరుపు లేదు" అన్నారు. రెండో స్లైడు పెట్టి చూశారు. "దీంట్లోనూ లేదు రాజమ్మా! గండమాలే!"

నేను ఆవిడ కాళ్ళు పట్టుకోబోతే లేపి, భుజం తట్టారు. వార్డుకి పరుగెత్తాను. చెప్పులు ఎక్కడ వదిలానో తెలీదు. అక్క నన్ను కావలించుకుని ఏడ్చింది. బావ మాత్రం, "గండమాలా? మాల వెయ్యడమే గాని మనిషిని గౌరవించడం తెలీదే మీ ఆసుపత్రోళ్ళకి" అన్నాడు. పక్కమంచం ముసలాయన కూడా నవ్వాడు.

ఆ మర్నాడు ఇంటికి పంపించేశారు. రోజూ సూది. అక్కడి కాంపౌండరు దగ్గరికి సైకిలు తొక్కుకుంటూ వెళ్ళేవాడట. "ఎండుతాటాకు పొడిచినట్టుంటది, అయినా నా మరదలు తేల్చిన రోగం గనక భరిస్తున్నా" అని ఊరంతా చెప్పుకునేవాడట. నెల తరవాత అక్క జాబు రాయించింది: బిళ్ళ తగ్గలేదు, పెరిగిందేమో కూడా తెలియడం లేదు. మందు పనిచెయ్యడానికి టైము పడుతుందన్నారు డాక్టరమ్మ గారు. రెండో నెల జాబు రాలేదు. మూడో నెలలో అక్కనీ పిల్లల్నీ తీసుకుని బావే వచ్చాడు. మెడకి రెండు పక్కలా బిళ్ళలు, చంకలో ఇంకోటి. గొంతు బొంగురుపోయింది. నన్ను చూసి ఏదో అనబోయి దగ్గొచ్చి మానేశాడు.

డాక్టరమ్మ గారు కొత్త ముక్క తీయించారు. దాంతోపాటు, శ్రావణంలో తీసిన పాత ముక్క మైనంలో ఇంకా అలాగే ఉంటే, దాన్నీ మళ్ళీ కోయించారు. ఈసారి నతానియేలు గారే మొదటి నుంచి చివరిదాకా చేశారు. నేను పక్కన నిలబడి చూశాను. ఆయన ఒక్క ముంచు ముంచారు. వెంటనే కాగితంతో అద్దేశారు. నీళ్ళలో పెట్టి రెప్ప వేసేలోపు తీసేశారు. నేను కుళాయి వైపు చూశాను.

డాక్టరమ్మ గారు చూశారు. పాత ముక్క, కొత్త ముక్క, రెండింట్లోనూ ఎరుపు. ఒకటీ అరా కాదు, పొలంలో మంట పెట్టినట్టు ఎటుచూసినా ఎరుపే. బీరువాలోంచి నేను కడిగిన స్లైడు తీసి పక్కన పెట్టారు. అదే ముక్క, అదే రంగు, కానీ ఆకుపచ్చ తప్ప ఏమీ లేదు.

"ఇది ఎవరు కడిగారు?"

"నేనేనండీ."

"ఎన్నిసార్లు ముంచావు?"

"ఒకసారి ముంచి... కుళాయి కింద పట్టానండీ. నీళ్ళు తేటగా వచ్చిందాకా."

నతానియేలు గారు స్టూలు మీద కూలబడ్డారు. "ఈ ఎరుపు నీళ్ళకి ఆగదమ్మాయ్" అన్నారు మెల్లగా. "దీనికి పటిక పట్టు లేదు. నేను చెప్పి వెళ్ళాల్సింది. పెళ్ళి హడావుడిలో..."

"మీరు కాదు" అన్నారు డాక్టరమ్మ గారు. "మంచి కణాల్లో కూడా కాస్తంత ఎరుపు ఉండి తీరాలి. ఎక్కడా చుక్కయినా లేకపోతే రంగే పోయిందని నాకు తట్టాలి. తట్టలేదు. నీకు మంచిమాట చెప్పాలన్న ఆత్రంలో ఉన్నాను రాజమ్మా."

ఆవిడ నన్ను తిట్టి ఉంటే బాగుండేది.

"అప్పుడే పంపుంటే బతికేవాడా అమ్మగారూ?"

"తెలీదు."

"చెప్పండి, నేను తట్టుకుంటాను."

"దాచి పెట్టడం కాదమ్మా. నిజంగానే తెలీదు. కొందరికి కరెంటుతో కరుగుతుంది, కొందరికి కరగదు."

ఆ రోజే చీటీ రాసిచ్చారు. అక్క, బావ మద్రాసు వెళ్ళారు. నేను వాళ్ళ పిల్లల్ని పెట్టుకుని ఇక్కడ ఉండిపోయాను. పద్దెనిమిది రోజులకి తిరిగొచ్చారు. కరెంటు పెడితే మెడ బిళ్ళలు కొంచెం మెత్తబడ్డాయట, ఈలోగా కడుపులో కొత్తవి లేచాయట. ఇంటికి తీసుకెళ్ళి కావలసినవి పెట్టండి అన్నారట అక్కడి డాక్టరు. కావలసినవి అంటే ఏమిటో అక్కకి అర్థం కాలేదు. అరిసెలు వండింది. ఆయనకి గంజి కూడా దిగడం లేదు.

ఈస్టరు ముందు వచ్చే శ్రమదినాల్లో నేను నాగాయలంక వెళ్ళి పదిరోజులు ఉన్నాను. ఏం చేశాను అక్కడ? పక్కగుడ్డలు ఉతికాను. కాలువకి తీసుకెళ్ళి ఉతికాను. నా చేతులకి తెలిసిన పని అదొక్కటే. మనిషి రోజుకింత తరిగిపోతుంటే నేను గుడ్డలు పిండుతూ కూర్చున్నాను.

ఒక మధ్యాహ్నం అక్క పిల్లకి నీళ్ళు పోస్తోంది. బావ సైగ చేసి పిలిచాడు. చెవి ఆయన నోటిదాకా పెడితేగాని వినపడదు.

"మరదలా, మొదట చేసిన పరీక్షలో లేదన్నారుగా. మరి మధ్యలో ఎక్కణ్ణించి వచ్చిందే ఇది?"

నేను నోరు తెరిచాను. దేవుడి సాక్షిగా చెబుతున్నాను, చెప్పడానికే తెరిచాను. కుళాయి అన్నమాట నాలుక దాకా వచ్చింది. ఆయన నా మొహం చూసి ఏమనుకున్నాడో, నా చెయ్యి మీద తట్టాడు.

"ఊరుకో. నువ్వు చేసిన పరీక్ష తప్పుకాదులే. రోగమే దొంగది, నీకు కనపడకుండా దాక్కుంది. మీ అక్కతో కూడా అదే అన్నా. మా రాజీ కడిగిందంటే వంక పెట్టక్కర్లేదని."

చెబితే ఏమవుతుంది? ఆయనకి ఆ నమ్మకం కూడా పోతుంది. చెప్పకపోతే? ఆయన అబద్ధాన్ని పట్టుకుని వెళ్ళిపోతాడు. ఎటు చూసినా ఆయన ప్రాణం మాత్రం రాదు. నేను తల ఊపాను. తల ఊపి, దుప్పటి సర్ది, మళ్ళీ కాలువకి వెళ్ళిపోయాను.

ఆ తరవాత నాలుగోరోజు పొద్దున పోయాడు. ముప్పైనాలుగేళ్ళు. ఆయన కప్పిన ఇళ్ళవాళ్ళందరూ వచ్చారు. వాకిట్లో అక్క వచ్చినవాళ్ళకల్లా చెబుతోంది, "మా చెల్లెలు ఆసుపత్రిలో లేకపోతే ఈ ఏడెనిమిది నెల్లయినా దక్కేవాడు కాదమ్మా, ఎంత చేసిందో!" అని. నేను అక్కడే నిలబడి విన్నాను. అక్క ఆ మాట చచ్చిపోయేదాకా, నలభై ఏళ్ళు, చెప్పింది. ప్రతిసారీ విన్నాను. ప్రతిసారీ ఇవాళ చెప్పేద్దాం అనుకున్నాను. ఒంటరిగా పిల్లల్ని పెంచుకుంటున్న మనిషికి ఉన్న చెల్లెలు ఒక్కతే, దాన్ని కూడా ఎలా తీసేసుకోను అనుకున్నాను. అది నిజమా, నా పిరికితనమా అంటే, డాక్టరమ్మ గారు అన్నట్టు, తెలీదు.

ఆసుపత్రి పని మానేద్దామంటే డాక్టరమ్మ గారు ఒప్పుకోలేదు. ఇంకో పదహారేళ్ళు చేశాను. ఆ రెండురంగుల సీసా తీసినప్పుడల్లా గదిలోంచి బయటికి వెళ్ళిపోయేదాన్ని. ఎవరూ ఎందుకని అడిగేవారు కాదు.

అక్క మనవలు అవనిగడ్డలో ఉన్నారు, నువ్వెరుగుదువు. వాళ్ళ తాత రోగం దొంగదని, మా రాజమ్మమ్మ ఎంతో చేసిందని వాళ్ళకి కూడా నేర్పే పోయింది అక్క. మొన్న వచ్చినప్పుడు పెద్దవాడు నా కాళ్ళకి దణ్ణం పెట్టాడు. ఆ దణ్ణం మోయలేకపోతున్నాను తల్లీ. నేను పోయాక నువ్వు అవనిగడ్డ వెళ్ళు. వాళ్ళని కూర్చోబెట్టి చెప్పు. ఎరుపు ఉందని, దాన్ని కడిగేసింది మా అమ్మమ్మేనని, పగతో కాదు, ప్రేమతో కడిగిందని చెప్పు. ప్రేమ సంగతి చివర చెప్పు, ముందు కడిగిన సంగతి చెప్పు. పటిక అనీ కుళాయి అనీ అన్నీ వరసగా, ఇవాళ నేను నీకు చెప్పినట్టే చెప్పు. ఒక్క ముక్క కూడా వదలకు. ఏదీ, ముందు ఏం జరిగిందో ఒకసారి నాకు చెప్పు, గుర్తుంటుందో లేదో చూస్తాను.